మార్కులు వేసే చేయి, ధైర్యం చెప్పే చేయి

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు సూత్రాలు: ఒక సమీక్ష

2025 జూలై 25న సుప్రీంకోర్టు మీ గురించి ఒక తీర్పు ఇచ్చింది. 2023 జూలైలో విశాఖపట్నంలో ‘నీట్’ పరీక్షకు శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసు అది. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించడంతో న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా ఆగలేదు. పాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్ళు అన్నిటికీ వర్తించే 15 మార్గదర్శక సూత్రాలను ప్రకటించారు. చట్టసభలు తగిన చట్టం చేసేవరకు ఇవే చట్టంతో సమానం.

కొత్త మందు ఒకటి బజారులోకి వస్తే మనం ఏమడుగుతాం? ఇది పనిచేస్తుందా? ఎవరిమీద పరీక్షించి చూశారు? ఎంత మోతాదులో వాడాలి? ఈ సూత్రాలను కూడా అవే ప్రశ్నలు అడిగి చూద్దాం. న్యాయస్థానం ఉద్దేశం గొప్పది, సందేహం లేదు. కాని మంచి ఉద్దేశం దానంతటదే మంచి చికిత్స కాదని విజ్ఞానశాస్త్రం మనకు చాలాసార్లు నేర్పింది.

పత్రంలో ఏముంది?

ముఖ్యమైన అంశాలు ఇవి. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. విద్యార్థులను చిన్న చిన్న బృందాలుగా చేసి ఒక్కో బృందానికి ఒక మార్గదర్శకుణ్ణో, కౌన్సెలర్‌నో కేటాయించాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. నలుగురిలో నిలబెట్టి అవమానించకూడదు. హాస్టళ్ళలో, తరగతి గదుల్లో ‘టెలి మానస్’ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో కనిపించాలి. ప్రతి సంస్థా ఏటా నివేదిక ఇవ్వాలి. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ సంఘాలు ఉండాలి.

వీటిలో మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీయరాదన్న సూత్రం తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఇంటర్మీడియట్‌లో ఏ సెక్షన్‌లో కూర్చున్నారో దాన్నిబట్టే తమ విలువ లెక్కకట్టుకున్న అనుభవం మీలో ఎందరికో ఉంటుంది. ఆ ఒక్క సూత్రం నిజంగా అమలైనా పెద్ద మేలు జరుగుతుంది.

సమస్య చిన్నది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్యల వల్ల మరణించినవారిలో 13,044 మంది విద్యార్థులు. ఆ ఏడాది పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు మాత్రం అన్ని వయసులవారినీ కలిపి 2,248. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్ష ఒక్కటే కారణమని మనం తేలికగా అనుకునే మాట సరికాదని తెలుస్తుంది. ఒక మరణం వెనుక సాధారణంగా అనేక కారణాలు పెనవేసుకుని ఉంటాయి. కుటుంబ పరిస్థితి, అప్పు, వివక్ష, ఒంటరితనం, గుర్తించని మానసిక రుగ్మత వాటిలో కొన్ని.

వయసు సంగతి కూడా గమనించాలి. మనిషి జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 14 ఏళ్ళలోపు, మూడు వంతులు 24 ఏళ్ళలోపు మొదలవుతాయని అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందం 2005లో తేల్చింది. అంటే కాలేజీ చదువు, రోగం మొదలయ్యే వయసు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. అందువల్ల కాలేజీ సహాయం చేయడానికి అనువైన చోటు. ఆ సహాయం ఎలా ఉండాలన్నదే ప్రశ్న.

రాయ్‌పూర్‌కు తీసుకువెళ్ళి చూద్దాం

కాగితం మీది సూత్రాన్ని ఒక ఊళ్ళో పెట్టి చూస్తేగాని దాని సత్తా తెలియదు. కేసు పుట్టింది విశాఖపట్నంలో. అక్కడినుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్ళే రైలుమార్గం ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ చేరుతుంది. మనకు పొరుగు రాష్ట్రమే. రైల్వేలు, భిలాయ్ ఉక్కు కర్మాగారం పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలు ఏనాటినుంచో ఉన్నాయి. రాయ్‌పూర్‌లో 1964లో ఏర్పడిన పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది. 1956లో గనులు, లోహశాస్త్రాల ప్రభుత్వ కళాశాలగా పుట్టి 2005లో ఎన్.ఐ.టి. అయిన సంస్థ ఉంది. 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ ఉంది. పక్కనే నవా రాయ్‌పూర్‌లో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఎన్.ఐ.టి.ల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, తక్కిన సగం ఇతర రాష్ట్రాలవారికి. కాబట్టి ఇంటర్ పాసై రాయ్‌పూర్ వెళ్ళే తెలుగు విద్యార్థులు ఏటా ఉంటారు. మీలోనూ కొందరు రేపు ఆ రైలు ఎక్కవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌ను ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 ఆత్మహత్యలు నమోదైతే ఆ రాష్ట్రంలో 28.2 నమోదయ్యాయి. అంటే రెట్టింపు కంటె ఎక్కువ. ఇది మొత్తం జనాభా లెక్క, విద్యార్థులది మాత్రమే కాదు. అయినా అక్కడ చదువుకునేవారు ఆ సమాజంలోంచి వచ్చినవారే కదా!

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది కొలత కాదు, అంచనా. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక విశ్వవిద్యాలయంలో 5,000 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఏడాదిలో పదిశాతం మందికి, అంటే 500 మందికి, కౌన్సెలర్ సహాయం కావాలనుకుందాం. ఇది ఎక్కువగా వేసిన అంచనా కాదు. ఎనిమిది దేశాల్లోని 19 కళాశాలల్లో దాదాపు 14,000 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రశ్నించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో ఒక మానసిక రుగ్మత లక్షణాలను జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవారు 35 శాతం తేలారు.

ఒక్కొక్కరితో ఆరుసార్లు కూర్చుని మాట్లాడాలంటే 500 మందికి 3,000 సమావేశాలు. ఒక కౌన్సెలర్ రోజుకు అయిదుగురితో, ఏడాదిలో 180 పనిదినాలు మాట్లాడితే 900 సమావేశాలు అవుతాయి. అవి 150 మందికి సరిపోతాయి. మిగిలిన 350 మంది సంగతి? అందరికీ సరిపోవాలంటే నలుగురు కౌన్సెలర్లు కావాలి. అంటే 1,250 మందికి ఒకరు. అమెరికాలో విశ్వవిద్యాలయాల కౌన్సెలింగ్ కేంద్రాలకు గుర్తింపు ఇచ్చే సంస్థ సిఫారసు కూడా 1,000 నుంచి 1,500 మందికి ఒకరు. మన పెన్సిలు లెక్క దానికి దగ్గరగానే వచ్చింది.

మరి సుప్రీంకోర్టు సూత్రం ఏమంటోంది? వందమంది దాటితే ‘కనీసం ఒకరు’. 120 మంది ఉన్న కాలేజీకీ ఒకరే, 5,000 మంది ఉన్న విశ్వవిద్యాలయానికీ ఒకరే చాలు. విద్యార్థులకు, కౌన్సెలర్లకు మధ్య ‘సముచిత నిష్పత్తి’ ఉండాలని కూడా పత్రం చెప్పింది. ఆ నిష్పత్తి ఎంతో అంకె వేయలేదు. అంకె లేని నిష్పత్తి అంటే మోతాదు రాయని మందుచీటీ! ఇది మొదటి లోపం.

ఆ నలుగురూ దొరుకుతారా అన్నది మరో ప్రశ్న. మన దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమే ఉన్నారని 2019లో ఒక పరిశోధన పత్రం లెక్కకట్టింది. కనీసం ముగ్గురు ఉండాలని నిపుణుల అభిప్రాయం. బెంగుళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ 12లో లేవు.) చికిత్స అవసరమై కూడా అందనివారు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారని ఆ సర్వే చెప్పింది. కాబట్టి ప్రతి కాలేజీలో ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టాలని ఆజ్ఞాపించినంత మాత్రాన నిపుణులు పుట్టుకురారు. తలుపు మీద బోర్డు మాత్రం వేలాడుతుంది.

‘బెంగ’ను ఏ భాషలో చెప్పాలి?

తెలుగులో ‘బెంగ’ అని ఒక మాట ఉంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడికి అన్నం సహించకపోతే, నిద్ర పట్టకపోతే ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటాం. దిగులు వేరు, బెంగ వేరు, భయం వేరు. ఈ తేడాలను హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పాలంటే, పరీక్షలో ఎంత బాగా రాసే విద్యార్థి అయినా తడబడతాడు. ‘టెన్షన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. వినేవారికి అతని బాధలో సగమే వినిపిస్తుంది.

రాయ్‌పూర్‌లో ఈ సమస్య తెలుగువారిది మాత్రమే కాదు. బస్తర్ నుంచి వచ్చి, ఇంట్లో గోండీయో హల్బీయో మాట్లాడే విద్యార్థికి అది సొంత రాష్ట్రమే అయినా అక్కడి హిందీ పరాయి భాషే. పైగా వారిలో చాలామంది తమ కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు. కులం వల్ల, తెగ వల్ల, భాష వల్ల ఎదురయ్యే చిన్నచూపు మనసును ఎలా గాయపరుస్తుందో వేరే చెప్పాలా? వివక్ష ఉండరాదని సుప్రీంకోర్టు సూత్రాలు గట్టిగానే చెప్పాయి. కౌన్సెలర్‌కు విద్యార్థుల భాష వచ్చి ఉండాలన్న మాట మాత్రం ఆ 15 సూత్రాల్లో కనిపించదు. ఇది రెండో లోపం.

దీనికి కొంత ఉపశమనం ఇప్పటికే ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 20 భాషల్లో పనిచేస్తోంది. వాటిలో తెలుగు ఒకటి. నంబరు 14416. ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది. పరాయి ఊళ్ళో ఉన్న విద్యార్థికి తన భాషలో వినే గొంతు ఒకటి ఫోనులో దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఫోను మొదటి మెట్టు మాత్రమే. తరువాతి మెట్టు కాలేజీలో ఉండాలి.

గురువే కౌన్సెలర్ కాగలడా?

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్నకు వద్దాం. నిపుణులు చాలరు కాబట్టి, ఆచరణలో భారం ఎవరిమీద పడుతుంది? అధ్యాపకుల మీద. ఇరవైమంది విద్యార్థులను ఒక లెక్చరర్‌కు అప్పగించి, ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించి, ‘మార్గదర్శకుడు’ అని పేరు పెట్టడం ఏ కాలేజీకైనా సులువు. పత్రంలోని సూత్రాలకు అది సరిపోతుంది కూడా. కాని అది పనిచేస్తుందా? అదృష్టవశాత్తూ దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు.

బీహార్‌లోని నలందా జిల్లాలో ‘సెహర్’ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను లాటరీ పద్ధతిలో మూడు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గంలో, మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు యువతీయువకులకు శిక్షణ ఇచ్చి బడికి ఒకరిని పంపారు. రెండో వర్గంలో అదే కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయుడి చేతిలో పెట్టారు. మూడో వర్గంలో అదనంగా ఏమీ చేయలేదు. కార్యక్రమం ఒక్కటే: గోడపత్రిక, మనసులో మాట రాసి వేసే పెట్టె, బృంద చర్చలు, అవసరమైనవారితో విడిగా మాట్లాడటం. 2018లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. బయటినుంచి వచ్చిన శిక్షితులున్న బడుల్లో వాతావరణం మెరుగైంది, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో? ఏమీ చేయని బడులకు, వాటికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు!

ఇటువంటి ఫలితమే యూరప్‌లోనూ వచ్చింది. పది దేశాల్లో 168 పాఠశాలలు, 11,110 మంది విద్యార్థులతో జరిగిన ప్రయోగం 2015లో వెలువడింది. ఉపాధ్యాయులకు ప్రమాద లక్షణాలు గుర్తించే శిక్షణ ఇవ్వడం ఒక పద్ధతి. ప్రశ్నావళితో విద్యార్థులను జల్లెడ పట్టడం రెండో పద్ధతి. విద్యార్థులతోనే సన్నివేశాలు నటింపజేసి, చర్చింపజేసి, తమ మనసును, మిత్రుడి మనసును గమనించడం నేర్పడం మూడో పద్ధతి. దానికి నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటలు మాత్రమే పట్టింది. ఏడాది తరువాత చూస్తే, మూడో పద్ధతి పొందినవారిలో ఆత్మహత్యాయత్నాలు 0.70 శాతం, పోలిక కోసం ఉంచిన వర్గంలో 1.51 శాతం. అంటే సగానికి తగ్గాయి. మొదటి రెండు పద్ధతులూ గణాంకపరంగా నిలిచే ప్రయోజనం చూపలేదు.

ఇవి పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల మీద జరిగిన ప్రయోగాలు. ఇరవై ఏళ్ళ విశ్వవిద్యాలయ విద్యార్థులకు అచ్చంగా ఇవే ఫలితాలు వస్తాయని చెప్పలేం. ఉపాధ్యాయులు మంచివారు కాదని కూడా దీని అర్థం కాదు. బతుకు నిలబెట్టిన మాస్టారిని తలుచుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. కాని కారణం ఊహించడం కష్టం కాదు. మీరే చెప్పండి: ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ దగ్గరకు వెళ్ళి, ‘సార్, నెలరోజులుగా పుస్తకం తెరవలేకపోతున్నాను’ అని ఎవరంటారు? హాజరు లెక్కపెట్టే చేతికి, ప్రాక్టికల్స్‌లో మార్కులు వేసే చేతికి మనసు అప్పగించడానికి ధైర్యం చాలదు. మార్కులు వేసే చేయి, ధైర్యం చెప్పే చేయి వేరువేరుగా ఉండాలి. పత్రంలోని 15 సూత్రాల్లో ఈ ఒక్క నియమం లేకపోవడమే, నా దృష్టిలో, అతి పెద్ద లోపం.

నలందా ప్రయోగంలో ఆశ కలిగించే అంశం కూడా ఇదే. అక్కడ పనిచేసినవారు మానసిక వైద్యులు కారు. శిక్షణ, పర్యవేక్షణ ఉన్న మామూలు పట్టభద్రులు పని నెరవేర్చారు. ఛత్తీస్‌గఢ్‌కు ఈ బాట కొత్తది కాదు. మానసిక వైద్యుల కొరత ఉన్న ఆ రాష్ట్రంలో, నిమ్హాన్స్ సహకారంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు దూరశిక్షణ ఇచ్చి, మామూలు మానసిక రుగ్మతలకు వారిచేతనే వైద్యం చేయించే ‘చాంప్’ అనే కార్యక్రమం నడిచింది. అదే పద్ధతిని విశ్వవిద్యాలయాలకు ఎందుకు మళ్ళించరాదు? సోషల్ వర్క్, సైకాలజీ చదివిన స్థానిక యువతకు, గోండీ, హల్బీ, తెలుగు వచ్చినవారితో సహా, శిక్షణ ఇచ్చి, వారిపైన ఎయిమ్స్ వంటి సంస్థల నిపుణుల పర్యవేక్షణ ఉంచవచ్చు.

కౌన్సెలర్ గదికి బయట

మలేరియా రోగికి మందు ఇస్తాం. దోమల గుంటను పూడ్చడం మరవం. మానసిక ఆరోగ్యానికీ అంతే. తమిళనాడు ఇందుకు మంచి ఉదాహరణ. ప్లస్‌టూ పరీక్ష తప్పినవారు ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్ళీ రాసుకునే అవకాశం అక్కడ కల్పించారు. 1986లో చెన్నైలో ‘స్నేహ’ అనే సేవాసంస్థను స్థాపించిన మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, ఆ తరువాత పరీక్ష తప్పడం వల్ల జరిగే మరణాలు తగ్గిన సంగతిని నమోదు చేశారు. ఒక్క కౌన్సెలర్‌ను కూడా నియమించకుండా, పరీక్షల క్యాలెండర్ మార్చి ప్రాణాలు కాపాడవచ్చన్నమాట! పరీక్షా విధానాన్ని అప్పుడప్పుడు సమీక్షించాలని సుప్రీంకోర్టు సూత్రాలూ చెప్పాయి. ఆ ఒక్క వాక్యాన్ని విశ్వవిద్యాలయాలు సీరియస్‌గా తీసుకుంటే, మిగతా పద్నాలుగింటి భారం సగం తగ్గుతుంది.

చివరగా కొలత సంగతి. ప్రతి సంస్థా ఏటా ఇచ్చే నివేదికలో ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎందరిని నిపుణుల వద్దకు పంపారు, ఎన్ని కార్యక్రమాలు చేశారు అని రాయాలి. ఇది చల్లిన విత్తనాల లెక్క. పండిన పంట లెక్క ఎక్కడ? సహాయం అడిగిన విద్యార్థి ఎన్ని రోజులు వేచి ఉన్నాడు? రెండోసారి వచ్చాడా, రాలేదా? సెలవు తీసుకుని వెళ్ళినవారిలో ఎందరు తిరిగి చదువులో చేరారు? పేర్లు లేకుండా ఈ మూడు అంకెలు ప్రకటిస్తే చాలు, ఏ కాలేజీ నిజంగా పనిచేస్తోందో, ఏది బోర్డు మాత్రమే తగిలించిందో తేలిపోతుంది.

మీ చేతిలో ఉన్నవి

పాఠకులారా, చట్టాలు మారేవరకు ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా, ఆయనో ఆమెనో మీకు పాఠం చెప్పి మార్కులు వేసేవారేనా అని అడగండి. అడిగే హక్కు మీకుంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచడం కూడా మీ హక్కు. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

పక్క గదిలో మిత్రుడు మెస్‌కు రావడం మానేస్తే, నలుగురిలో కలవకపోతే, ‘నేను లేకపోయినా ఎవరికీ ఏమీ కాదు’ వంటి మాటలంటే, దాన్ని వేళాకోళంగా తీసుకోకండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వద్దు, పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. ఉపన్యాసం ఇవ్వకండి, వినండి. ఒంటరిగా వదలకండి. మీ ఇద్దరి మధ్యే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. 14416కు కలిసి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తోడు వెళ్ళండి. ఆ మిత్రుడి స్థానంలో మీరే ఉంటే, మీరే ఒకరితో చెప్పండి. జ్వరం వస్తే చెప్పుకోవడానికి సిగ్గుపడం కదా!

సుప్రీంకోర్టు తలుపు తెరిచింది. ఆ తలుపు వెనుక ఎవరు కూర్చోవాలి, ఎందరు కూర్చోవాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్నవి ఇంకా రాయవలసిన అంశాలు. రాష్ట్రాలు నియమాలు రూపొందించేటప్పుడు వాటిని చేర్చవచ్చు. చేర్చమని అడగవలసినవారు మీరే.